గోటి నొక్కు

నకిలీ చుట్టను పట్టుకోవడం పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. మోసపోదామని ముందే సిద్ధపడి వచ్చిన మనిషిని నమ్మించడమే కష్టం. మా కొట్టుకు పెట్టె చంకన పెట్టుకుని వచ్చేవాళ్ళలో సగంమంది ఆ బాపతే. "ఇది అసలుదా, నకిలీదా?" అని ఒక్కరూ అడగరు. "అసలుదే కదండీ?" అని అడుగుతారు. కాదంటే ముఖం మాడ్చుకుని, నేనేదో వాళ్ళ పెట్టెలో సరుకు మార్చేసినట్టు చూస్తారు. ఆ తర్వాత రెండో ప్రశ్న తప్పకుండా వస్తుంది. "సరే, నకిలీదే అనుకోండి. కాల్చొచ్చా మరి?"

దానికి నా దగ్గర ఒకటే జవాబు. లోపల ఏ ఆకు కుక్కాడో, అది ఏ నేల మీద పడి నానిందో, బూజు వాసన పోవడానికి ఏం చల్లాడో తెలియని వస్తువును నోట్లో పెట్టుకోవడం దేనికి? పారేయండి. పారేయడానికి కూడా మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. నకిలీ అని తేలిన పెట్టెను, తెచ్చినవాళ్ళ కళ్ళెదుటే బల్ల మీద పెట్టి కత్తితో ముక్కలు చేసేస్తాం. అలా చేయకపోతే ఆ పెట్టె చేతులు మారి మారి ఇంకెవడి నెత్తికో చుట్టుకుంటుంది. ఈ పద్ధతి పెట్టింది మా అక్క.

కొనేవాళ్ళు సిగార్ అని షోకుగా అంటారు గానీ మా ఇంట్లో అందరం చుట్ట అనే అంటాం. అమ్మ ఒక కార్ఖానాలో చుట్టలు చుట్టి మమ్మల్ని పెంచింది. ఇద్దరినీ చెక్కపలక ముందు కూర్చోబెట్టి పని నేర్పింది. అక్కకు చెయ్యి కుదిరింది, నాకు కన్ను కుదిరింది. అక్క చుట్టేది, నేను తప్పులు పట్టేదాన్ని. ఈ రెండో విద్యలో నా ప్రతాపం గురించి మా ఆయన్ని అడిగితే ఇంకా వివరంగా చెబుతాడు. ఇప్పుడు కొట్టును నేనూ బావా కలిసి నడుపుతున్నాం. బావ అంటే అక్క భర్త. ఒకే వీధిలో పెరిగిన వాళ్ళం కనుక ఆయన్ని నేను మొదటి నుంచీ నువ్వు అనే అంటాను. అమ్మకం, తనిఖీ, జనంతో పోట్లాట నా వాటా. వెనకనున్న తేమ గదిలో సరుకు ఎండిపోకుండా, బూజు పట్టకుండా చూసుకోవడం బావ వాటా. బావకు నోట్లో నాలుక లేదు కాబట్టి ఈ పంపకం బాగానే కుదిరింది.

ఆ రోజు వాన పడుతోంది. పళ్ళ డాక్టరు తడిసిన గొడుగు మా గుమ్మంలోనే దులిపి లోపలికొచ్చాడు. అందరి చేతా నోళ్ళు తెరిపించే ఆ మనిషి, మా కొట్టుకొస్తే మాత్రం తన నోరు మూయడు.

"ఓడలో పనిచేసే ఆయన ఇచ్చాడమ్మా. కట్టుడు పళ్ళు పెట్టాను, సంతోషం పట్టలేక ఈ పెట్టె చేతిలో పెట్టాడు. ఎంత ఖరీదైన రకమో చూడు. అసలుదే కదా?"

మూత మీది ముద్రను వేలితో తడిమాను. ఉబ్బెత్తుగా తగలాల్సింది అట్టముక్కలా చదునుగా ఉంది. చుట్టలకు తొడిగిన కాగితపు పట్టీల మీద బంగారు గీత ఒకదానికి మధ్యలో ఉంటే ఇంకోదానికి అంచుకు జారిపోయింది. ఒక పెట్టెలో చుట్టలన్నీ ఒకే రంగువి ఏరి పేరుస్తారు. ఇవి తలో రంగులో ఉన్నాయి. పైగా ముక్కు పగిలే తియ్యటి సెంటు ఒకటి.

"పప్పులో కాలేశారు డాక్టరుగారూ."

"అబ్బే! అంత పెద్దమనిషి నకిలీది ఇస్తాడా?"

"మీరు ఆయనకు పెట్టిన పళ్ళు మాత్రం అసలువా? చెల్లుకు చెల్లు."

డాక్టరు పగలబడి నవ్వాడు. నవ్వడం అయ్యాక ఊహించిన ప్రశ్న అడిగాడు. "కాల్చొచ్చా మరి?"

నేను కత్తి తీశాను. పెట్టెలోంచి మొదటి చుట్ట తీసి బల్ల మీద పెట్టాను. నోట్లో పెట్టుకునే కొస నా వైపుకు తిరిగింది. ఆ కొసన ఒక చిన్న ఆకు ముక్కను బంక రాసి గుండ్రంగా అతికిస్తారు. దాన్ని టోపీ అంటాం. అసలు చుట్టకు ఒకటే టోపీ, నకిలీదైతే కొన్నవాడికి రెండోది. ఆ టోపీ అంచున, నెలవంక ఆకారంలో, గోటితో ఒత్తిన చిన్న నొక్కు ఉంది.

రెండోది తీశాను. దానికీ ఉంది. మూడోదానికీ, పక్కదానికీ, కింది వరసలో అన్నిటికీ ఉంది.

టోపీని ఎవరైనా బొటనవేలితో ఒత్తి తిప్పుతారు. అప్పుడే నున్నగా వస్తుంది. మా అక్కకు కుడి బొటనవేలి కొస లేదు. పని నేర్చుకునే రోజుల్లో కత్తి జారి గోటితో సహా తెగిపోయింది. అందుకని నడిమి వేలిని మడిచి, గోటితో ఒత్తేది. ఎంత జాగ్రత్తగా చేసినా అంచున ఆ నొక్కు పడేది. అమ్మ తిట్టేది, మేస్త్రీ తిట్టేవాడు. "నోట్లో పెట్టుకునేవాడు దాన్ని అద్దం పెట్టి చూస్తాడా ఏంటి?" అనేది అక్క. ఆ పని అలా చేసేవాళ్ళను నేను ఇంకెవరినీ చూడలేదు. బొటనవేలు ఉన్నవాళ్ళకు ఆ అవస్థ దేనికి?

కత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు.

"కత్తి మొండిదైపోయింది. తర్వాత కోస్తాను, మీరు వెళ్ళండి."

"నాకెందుకిక అవి, నువ్వే పారేయ్," అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కొట్టు పెట్టినప్పటి నుంచీ మా పద్ధతి తప్పడం అదే మొదలు.

బావను పిలిచాను. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఒక చుట్ట చేతిలో పెట్టి, "కొస చూడు," అన్నాను. చూశాడు. ముఖంలో రంగు పోయింది. దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, నాకు వీపు తిప్పి చాలాసేపు అలాగే నిలబడ్డాడు. భుజాలు కొంచెం కదలడం చూసి ఏడుస్తున్నాడనుకున్నాను.

"అక్క చెయ్యి బావా ఇది."

బావ ఇటు తిరిగి నా ముఖంలోకి చూశాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"కాదంటావా?" అన్నాను.

"పెట్టె మూసెయ్," అన్నాడు. "ఎవరైనా వస్తారు."

అక్క వెళ్ళి నాలుగేళ్ళయింది. సముద్రానికి అవతల కొత్తగా పెట్టిన ఒక కార్ఖానావాళ్ళు చేయి తిరిగిన మనిషి కావాలని పిలిస్తే, ఒక్క వర్షాకాలం ఉండి వచ్చేస్తానని వెళ్ళింది. అక్కడ మంటలు లేచాయి. ఎండిన ఆకు నింపిన భవనం, తలుపు ఒక్కటే. లోపల ఉన్నవాళ్ళెవరూ బయటికి రాలేదని కబురు చేశారు. బావ వెళ్ళాడు. చూపించడానికి అక్కడ ఏమీ మిగల్లేదట. ఎవరు ఎవరో చెప్పలేమన్నారట. ఉత్త చేతులతో తిరిగొచ్చి, ఏడాదిపాటు మనిషి మనిషిలా లేడు. ఎక్కడ పడితే అక్కడ ఏడ్చేవాడు. నేను అన్నం కలిపి ముందు పెడితే తినేవాడు, లేకపోతే లేదు. కొట్టు నేనే తెరిచాను, నేనే మూశాను.

ఇప్పుడిప్పుడే తేరుకున్నాడు. ఎదురు వరసలో బట్టలు కుట్టే ఒకావిడ ఉంది. మంచి మనిషి, ఒంటరిది. బావ చొక్కా గుండీలు తరచుగా తెగడం మొదలైనప్పుడే నాకు అనుమానం వచ్చింది. నేనే వెళ్ళి మాట్లాడాను. నేనే ఇద్దరినీ కూర్చోబెట్టాను. వచ్చే నెలలో పెళ్ళి. అక్క కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టడానికి నేనే నడుం కట్టానని వీధిలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకేం? బావ మళ్ళీ నవ్వాలి, అంతే.

ఇప్పుడీ పెట్టె ఊడిపడింది. అక్క ఉందంటే పెళ్ళి ఏమిటి? ఆ దర్జీ ఆవిడ గతేమిటి? లేదంటే ఈ నొక్కు ఏమిటి?

తేల్చుకునే దారి ఒకటి ఉంది. నకిలీలు చేసేవాళ్ళకు ఆకును ఏళ్ళ తరబడి మాగబెట్టే ఓపిక ఉండదు. పచ్చి ఆకునే చుట్టేస్తారు. పచ్చి ఆకు కాల్చగానే గొంతు పట్టుకుంటుంది. అదే చుట్ట నాలుగేళ్ళు పెట్టెలో పడి ఉంటే ఆ ఘాటు చచ్చిపోతుంది. వాసన చూసి చెప్పేద్దామంటే పైన సెంటు చల్లాడు పాపాత్ముడు. కాల్చి చూడాల్సిందే. ఘాటు లేకపోతే, అవి ఆ మంటలకు ముందు అక్క చుట్టినవి. ఎక్కడో మూలన పడి ఉన్నవాటికి ఎవడో దొంగ పట్టీలు తొడిగి అమ్మాడన్నమాట. ఘాటు ఉంటే, ఈ ఏడు చుట్టినవి. అంటే ఏదో చీకటి గదిలో కూర్చుని అక్క ఇవాళ కూడా చుడుతోందన్నమాట.

"ఒకటి కాలుద్దాం బావా," అన్నాను. "తాడో పేడో తేలిపోతుంది."

"వద్దు." బావ అంత గట్టిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు. "కాల్చకు. కొయ్యకు. కొన్నాళ్ళు అలా ఉండనీ."

"ఎన్నాళ్ళు?"

"నీకు... మనకు కొంచెం నిదానం కుదిరేదాకా."

పెట్టెను తేమ గది పక్కనున్న వెనక గదిలో బీరువాలో పెట్టి, తాళం చెవి నా చేతికిచ్చాడు.

ఆ వెనక గదిలోనే అక్క పలక ఉంది, అక్క కుర్చీ ఉంది. ఆవిడ ముందు కట్టుకునే గుడ్డ మేకుకు వేలాడుతూనే ఉంది. నాలుగేళ్ళుగా వాటి పక్కనుంచే నడుస్తున్నాను, తలుపుకో గోడకో ఎంత భయపడతామో వాటికీ అంతే. పెట్టె లోపలికి వచ్చాక అవన్నీ మారిపోయాయి. బల్ల దగ్గర నిలబడి పట్టీలు చూస్తుంటే వెనక గదిలోంచి పలక మీద కత్తి ఆడే చప్పుడు వినిపించేది. టక్, టక్, మధ్యలో చిన్న విరామం. అక్క ఆకును చాపి, పైకెత్తి, వెలుతురులో చూసే విరామం అది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. ఎలుకలు అనుకున్నాను. ఎలుకలకు అంత లయ ఎక్కడిది?

ఒక మధ్యాహ్నం మా పాత ఖాతాదారు ఒకాయన పెట్టె తెచ్చాడు. వంగి చూస్తున్నాను. నా భుజం పక్కన ఎవరో వంగారు. తలనూనె వాసన స్పష్టంగా వచ్చింది. "ఏంటక్కా?" అన్నాను, తల ఎత్తకుండానే. ఎదుటి ఆయన అటూ ఇటూ చూశాడు. కొట్టులో మేమిద్దరమే ఉన్నాం. ఆయన పెట్టె అసలుదే, అయినా ఆ మాట చెప్పేలోపు ఆయన దాన్ని సర్దుకుని గుమ్మం దాటేశాడు. బావ తేమ గది తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు.

నాకు భయం వేయలేదని చెబితే అబద్ధం. కానీ భయం కన్నా ఇంకోటి ఎక్కువగా ఉంది. ఆ చప్పుడు వినపడని రోజు నాకే వెలితిగా ఉండేది. ఏ పనీ లేకపోయినా వెనక గదిలోకి వెళ్ళి కుర్చీ తుడిచేదాన్ని. బీరువా తెరిచి, నొక్కు మీద నా గోరు పెట్టి చూసుకునేదాన్ని. సరిగ్గా సరిపోయేది. ఇదంతా బావ కోసమే అనుకునేదాన్ని. పాపం, నోరు విప్పడు, లోపల కుమిలిపోతున్నాడు, కనిపెట్టుకుని ఉండాలి అనుకునేదాన్ని. నిజంగానే బావ తిండి తగ్గించాడు. నేను వెనక గదిలో ఉన్నంతసేపూ గుమ్మం దగ్గరే తచ్చాడేవాడు. ఒకటి రెండుసార్లు నన్ను పేరు పెట్టి పిలిచి, తిరిగి చూస్తే "ఏం లేదులే" అన్నాడు.

తర్వాత దర్జీ ఆవిడ వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"మీ బావగారు కొన్నాళ్ళు ఆగుదామన్నారు," అంది. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. "ఎందుకని అడిగితే ఇంట్లో ఒక పని మిగిలిపోయిందన్నారు. నేను ఆగుతానండి. నాకేం తొందర లేదు. కానీ దేనికోసం ఆగుతున్నానో తెలిస్తే బాగుండును."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు. బావ మీద, ఆ పెట్టె మీద, ఓడ మనిషి పళ్ళ మీద, అన్నిటి మీదా. "నాలుగు రోజుల్లో తేల్చేస్తాను, మీరు ధైర్యంగా ఉండండి," అని చెప్పి పంపేశాను. తేల్చడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒకటి కాల్చాలి. అక్క ఉంటే బావకు చెప్పి వెతకడానికి వెళ్ళాలి. లేకపోతే ఈ పెట్టెను ముక్కలు చేసి పెళ్ళి పనులు చూడాలి. మధ్యలో ఇలా వేలాడటం ఎవరికీ మంచిది కాదు.

సెలవు రోజు మధ్యాహ్నం మా ఆయన బస్సు డ్యూటీకి వెళ్ళాక కొట్టు వెనక తలుపు తీసుకుని వెళ్ళాను. వాన తెరిపిచ్చింది. ఒక చుట్ట తీసుకుని వెనక పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద కూర్చున్నాను. మామూలుగా టోపీని మధ్యలోకి కోసేస్తాం. నొక్కు మీద కత్తి వేయడానికి మనసొప్పలేదు. కొంచెం కిందికి కోశాను. టోపీ మొత్తం చిన్న గిన్నెలా ఊడి వచ్చింది. దాన్ని జాగ్రత్తగా చేతిరుమాలులో చుట్టి నడుముకు దోపుకుని అగ్గిపుల్ల గీశాను.

మొదటి దమ్ముకే గొంతులో సూదులు దిగాయి. ముక్కుపుటాల్లోకి అమోనియా ఘాటు కొట్టింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బూడిద నల్లగా, రేకులు రేకులుగా రాలింది. ఇంకో దమ్ము లాగాను, పొరపాటు పడ్డానేమోనని. పొరపాటు లేదు. పచ్చి ఆకు. ఈ ఏటి పంట.

అక్క ఉంది.

లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. నవ్వొచ్చింది. ఆ వెంటనే ఎక్కడినుంచి వచ్చిందో, అంతులేని కోపం వచ్చింది. "ఉండి కూడా రాలేదా నువ్వు?" అని పైకే అన్నాను. తెరిచిన తలుపులోంచి ఆవిడ కుర్చీ కనిపిస్తోంది. "దొంగ సరుకు చుట్టుకుంటూ కూర్చున్నావా? ఇక్కడ ఆ మనిషి గోడలకు తల కొట్టుకున్నాడు. నేను నీ కొట్టు మోశాను, నీ మొగుణ్ణి మోశాను. ఒక్క ముక్క రాసి పడేస్తే నీ సొమ్మేం పోయేది?" లోపల పలక మీద కత్తి టక్, టక్ మంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. కోపంతోనే ఆ దిక్కుమాలిన చుట్టను సగం దాకా కాల్చాను. తల తిరిగింది. అక్క పక్కనే కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నట్టు అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ కాసేపు నాకు హాయిగా ఉంది.

కళ్ళు తుడుచుకోవడానికి రుమాలు తీస్తే దానితోపాటు టోపీ వచ్చింది. ఒంటి చెమటకు మెత్తబడి, విచ్చుకుంది. లోపలి వైపు బంక కనిపించింది. మంచి పనివాళ్ళు చుక్క బంకతో సరిపెడతారు. నకిలీవాళ్ళు నాసిరకం బంకను మందంగా పూసి, సగం ఆరాక అతికిస్తారు. ఆ మందపాటి బంకలో, పూసిన వేలిముద్ర గట్టిపడి అలాగే ఉండిపోయింది.

వెలుతురులోకి తిప్పి చూశాను. వెడల్పాటి ముద్ర. బొటనవేలిది. గీతలు సుళ్ళు తిరిగి, కొస దాకా, గోటి అంచు దాకా, నిండుగా ఉన్నాయి. బంక పూసేది కుడిచేత్తోనే. ఎడమ చెయ్యి చుట్టను వదలదు. మా అక్క కుడి బొటనవేలికి కొస లేదు.

లోపలికి పరిగెత్తి ఇంకో నాలుగు టోపీలు ఊడదీశాను. అన్నిట్లోనూ అదే వేలు.

నిండు బొటనవేలు ఉండి కూడా నడిమి వేలు మడిచి గోటితో ఒత్తుతోంది ఎవరో. ఎందుకు ఒత్తుతోంది? నేర్పినావిడ అలా చేసింది కాబట్టి. అది అవిటితనమని ఆ పిల్లకు తెలియదు, పనితనం అనుకుంది. కార్ఖానాలో అక్క పక్కన కూర్చుని, అక్క చేతిని చూసి చూసి, తప్పును కూడా శ్రద్ధగా నేర్చుకుంది. ఆ మంటలకు ముందే పని మానేసి వెళ్ళిపోయి ఉంటుంది. నా ఎదుట ఉన్నవి రెండు రకాలుగా నకిలీలు. పట్టీ దొంగదని క్షణంలో పట్టిన దాన్ని, చెయ్యి దొంగదని ఇన్నాళ్ళూ పట్టలేకపోయాను.

కత్తి చప్పుడు ఆగిపోయింది.

బావ ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఎలా చెప్పాలో వల్లెవేసుకున్నాను. ముందు కూర్చోబెట్టాలి, మంచినీళ్ళు ఇవ్వాలి, మెల్లగా చెప్పాలి. ఈ మనిషి మళ్ళీ పడిపోతే ఇంకోసారి లేపే ఓపిక నాకు లేదు. తలుపు తీసిన బావ నా దగ్గర పొగ వాసన పట్టేశాడు.

"కాల్చావా?"

"కాల్చాను. నువ్వు ముందు కూర్చో."

"ఆకు?"

"పచ్చిది. ఈ ఏటిదే. ఆగు, సంబరపడకు." టోపీని బల్ల మీద వెల్లకిలా పెట్టాను. "ఇక్కడ చూడు. బొటనవేలు. కొస దాకా ఉంది. అక్క కాదు బావా. అక్క దగ్గర నేర్చుకున్న పిల్ల ఎవరో."

పడిపోతాడేమోనని భుజం పట్టుకున్నాను. బావ టోపీ వంక చూడలేదు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆ రోజే, కిటికీ దగ్గర నిలబడి నువ్విచ్చినదాని టోపీ ఊడదీశాను. మీ అక్క చేత్తో చుట్టినవి ఎన్నిసార్లు ఊడదీసి ఉంటాను నేను? చూడగానే తెలిసిపోయింది."

భుజం మీది చెయ్యి తీయకుండానే విరుచుకుపడ్డాను. "తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? పిచ్చిదాన్ని చేశావా నన్ను? ఆవిణ్ణి ఎందుకు ఆగమన్నావు? అంత మంచి మనిషి వచ్చి నా ముందు నిలబడి, దేనికోసం ఆగుతున్నానో చెప్పమంటే, నేనేం చెప్పాలి?"

"నీకోసం."

"నాకోసమా?"

"చెప్పేద్దామనే ఇటు తిరిగాను. నీ ముఖం చూశాను. నాలుగేళ్ళలో నీ ముఖం అలా వెలగడం చూడలేదు. నోరు రాలేదు నాకు." బావ నా చెయ్యి భుజం మీదినుంచి తీసి తన చేతుల్లో పెట్టుకున్నాడు. "నేను ఏడ్చాను. వీధి వీధంతా చూసింది. నువ్వు ఏడ్చావా? అన్నం పెట్టావు, కొట్టు తెరిచావు, పెళ్ళి కుదిర్చావు. ఒక్కసారి ఏడ్చావా? అక్క వెళ్ళాక, అక్క వెళ్ళాక అంటావు అందరితో. ఏదో బజారుకు వెళ్ళినట్టు. ఆ మాట ఒక్కసారైనా అన్నావా?"

"ఏ మాట?"

అది నీ నోటితోనే రావాలన్నట్టు బావ తల అడ్డంగా ఊపాడు. "రోజూ నువ్వు ఆ గదిలో కూర్చుని ఎవరితోనో మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నీ దృష్టిలో మీ అక్క ఇంకా ఉంది. ఉన్న మనిషిని వదిలేసి నేను ఎదురింటికి ఎలా వెళ్ళను, చెప్పు? పెళ్ళి నువ్వే కుదిర్చావు. కానీ నువ్వు అనకుండా నా కాలు కదలదు."

కిటికీలోంచి ఎదురు వరస కనిపిస్తోంది. సెలవు రోజైనా దర్జీ ఆవిడ మిషను తొక్కుతూనే ఉంది. గొంతులో ఆ పచ్చి ఘాటు ఇంకా మండుతోంది. దాన్ని మింగుదామని చూస్తే దిగలేదు. నాలుగేళ్ళుగా బావను కాపాడుతున్నానని ఊళ్ళో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఆ మాటను నా నోటిదాకా రానీయకుండా ఆపుకున్నది నేనేనని ఇప్పుడు తెలిసింది.

"అక్క చచ్చిపోయింది బావా," అన్నాను.

మాట సరిగ్గా రాలేదు. బావ నా చెయ్యి వదలకుండా తల ఊపాడు. ఇంకోసారి అన్నాను, ఈసారి గట్టిగా.